పెద్ద కోడలికి బావి, నాకు బోరింగు

కామారెడ్డిలో మా భగవద్గీత తరగతి ఆడవాళ్లం ఏటా ఒకరోజు బస్సు మాట్లాడుకుని పాత గుళ్లూ కోటలూ చూసొస్తాం. మా గురువుగారికి రాతి మీద నాలుగు అక్షరాలు కనిపిస్తే చాలు, అక్కడే పాఠం మొదలుపెడతారు. ఈసారి ఎల్లారెడ్డి రోడ్డున లింగంపేట మెట్లబావికి మళ్లీ వెళ్దామన్నారు. మొదటిసారి వెళ్లినప్పుడు వాడకం పోయి ఏళ్లయి, తుమ్మచెట్లు కమ్ముకుని బావి కనిపించనే లేదు. ఇప్పుడు బాగుచేశారు. ఎన్నడూ తరగతికి రాని మా అత్తమ్మ "నేను గూడ వస్త" అని చేతిసంచి పట్టుకుని అందరికన్నా ముందు బస్సెక్కింది.

నాకు ఒళ్లు మండింది. కామారెడ్డికి రాకముందు మేమంతా ఉన్న మా అత్తగారి ఊరు లింగంపేటే. ఆ బావి ఊసెత్తితేనే నాకు కోపం.

మా వైపు పురుడయ్యాక బాలింత బావికి పసుపు కుంకుమ పెట్టి, చేద వేసి నీళ్లు తోడాలి; బిడ్డనెత్తుకుని అత్త వెంట ఉండాలి. అప్పుడే పురుడు తీరినట్టు. మా తోడికోడలికి కొడుకు పుడితే డప్పులతో ఆ బావికే తీసుకుపోయారు. నాకు కూతురు పుడితే అత్తమ్మ నన్ను వాకిట్లోని బోరింగు దగ్గర నిలబెట్టింది. దాని పిడికి పసుపు రాశాను, బొట్టు పెట్టాను. ఎంత కొట్టినా కిర్రుకిర్రుమంది గానీ చుక్క రాల్చలేదు. "బోరింగైతేంది, నీళ్లు నీళ్లే గద" అందామె. ఆడపిల్లకు ఇది చాలనుకుందని ఆ రోజే మనసులో పెట్టుకున్నాను. కూతురికి పెళ్లయి అత్తవారింటికి వెళ్లినా ఆ మంట చల్లారలేదు.

బావి దగ్గర బస్సు దిగాం. చుట్టూ వరసలు వరసలుగా మెట్లు, అడుగున పచ్చటి నీళ్లు. దప్పిక తీర్చడం ఎంత పుణ్యమో గురువుగారు చెబుతుండగా అత్తమ్మ నా కొంగు పట్టి పక్కకు లాగింది. సంచిలోంచి పసుపు పొట్లం, కుంకుమ భరిణె, ఇత్తడి చెంబు తీసింది.

"పో బిడ్డా. నీ బాయి పూజ చేసి రా."

"ఇప్పుడా? నాకు కొడుకు పుడితే గప్పుడే తీస్కొద్దువు!" ఎంత అణచుకున్నా అనేశాను.

ఆమె కోప్పడలేదు. పై మెట్టు మీద కూలబడింది.

"గందుకు గాదే. పెద్దదాని పూజనాడు మనుమణ్ణి ఎత్తుకొని దిగుతుంటే నాచు మీద నా కాలు జారింది. పోరడు చేతులకెల్లి పోనే పోయిండనుకున్న. ఎట్ల పట్టుకున్ననో దేవునికెరుక. ఎవ్వలకు చెప్పలే. నీ బిడ్డనెత్తుకొని మల్ల గీ మెట్లు దిగుడు నాతోని కాలే."

"మరి గామాట నాకు చెప్పొద్దా అత్తమ్మా?"

"చెప్తే, నీ బిడ్డను మల్ల నా చేతికిస్తుంటివా?"

నా కూతురు ఆమె చంకలోనే పెరిగింది. నడక వచ్చాక కూడా ఆమె దాన్ని కింద దించేది కాదు. నాకు ఏడుపొచ్చింది. చెంబు అందుకుని దిగడం మొదలుపెట్టాను.

పైనుంచి ఒకటే కేకలు. "మెల్లగ! నాచుంటది, చూస్కొని!"

మెట్లన్నీ శుభ్రంగా, పొడిగా ఉన్నాయి. ఆ మాట నేను చెప్పలేదు. ఆమెకు కనబడేలా గోడ పట్టుకుని, ఒక్కో మెట్టునూ పాదంతో తడిమి చూసుకుంటూ దిగాను.