టమాట ముద్ద దాచడం నేర్పిన మా అత్తమ్మ

మా అత్తమ్మ పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను దుకాణంలో ఉన్నాను. నాది నల్లగొండలో మోటారు వైండింగ్ పని. బోరు మోటారు ఒకటి విప్పి, కాలిపోయిన తీగ బయటికి లాగుతున్నాను. బామ్మర్ది ఫోన్ చేశాడు. "బావా, అమ్మ పోయింది. పొద్దుగాల చాయ తాగి పండుకున్నది, లేపితే లేవలే" అన్నాడు. నేను గ్రీజు చేతులతోనే ముఖం మూసుకున్నాను. అత్తగారి ఊరు మర్రిగూడ పోయే బస్సులో పక్కన కూర్చున్న పెద్దమనిషి "ఏమైంది తమ్మీ, ముఖమంత మసి?" అని అడిగేదాకా ఆ సంగతి తెలియలేదు. మా అత్త పోయిందని చెప్పాను. ఆయన నన్ను ఇంకోసారి చూశాడు. అత్త పోతే అల్లుడు ఇంతగా ఏడుస్తాడా అనుకొని ఉంటాడు. అనుకోనీ. ఆయనకు నా అత్తమ్మ తెలియదు కదా.

నిజం చెప్పాలంటే పెండ్లయిన మొదటి నాలుగేండ్లు నాకూ తెలియదు. గొర్రెలు కాసుకునే మా ఇండ్లల్లో అత్త అల్లుడి ఎదుటికి రాదు, అల్లుడితో నేరుగా మాట్లాడదు. అది మర్యాద. నేను వాళ్లింటికి పోతే ఆమె కొంగు నెత్తిమీద నుంచి ముక్కుదాకా లాక్కొని దర్వాజ వెనక్కి పోయేది. అన్నం వేరేవాళ్లు పెట్టేవాళ్లు, ఆమె గొంతు మాత్రం లోపలి నుంచి వచ్చేది. "అల్లునికి ఇంకింత కూర ఎయ్యుండ్రి" అని ఎవరితోనో చెప్పేది. నాలుగేండ్లలో నేను చూసింది ఆమె కాళ్ల కడియాలు, కొంగు అంచు, అంతే.

తెలంగాణ వచ్చిన కొత్తల్లో నా భార్యకు కడుపు నిలిచింది. అంతకుముందు ఒకటి పోయింది, అందుకని మాకు భయం. ఐదో నెల వచ్చినా వాంతులు తగ్గలేదు. ఏది తిన్నా బయటికే. దవాఖానలో డాక్టరమ్మ బరువు చూసి, తల అడ్డంగా ఊపి, "తల్లి తినకపోతే లోపలి బిడ్డ ఎట్లా పెరుగుతుందయ్యా? మంచం దిగనియ్యకు. ఏదో ఒకటి కడుపులో నిలిచేటట్టు చూడు" అని నాకే చెప్పింది. నాకు అమ్మ లేదు. వంట అంటే చాయ ఒక్కటే వచ్చు. రెండు రోజులు హోటల్ అన్నం తెచ్చాను, దాని వాసనకే ఆమె వాంతి చేసుకుంది. మూడోరోజు బామ్మర్ది వాళ్లమ్మను బస్సులో తీసుకొచ్చి మా కిరాయి ఇంట్లో దించిపోయాడు.

అత్తమ్మ వచ్చిందని గుండె కుదుటపడింది, కానీ ఎంతసేపు? ఆమె వేళ్లు మడవవు. చిన్నప్పటి నుంచి ఆ ఊరి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఒళ్లు. మోకాళ్లు వంగవు, మెడ తిరగదు, గరిటె పట్టుకుంటే జారి పడుతుంది. ఇంటికి నల్లా నీళ్లు వచ్చేసరికి ఆమె వేళ్లకు ఆలస్యమైపోయింది. ఆమెకు వంట వచ్చు, చేతులు లేవు. నాకు చేతులున్నాయి, వంట రాదు. ఇద్దరం మాట్లాడుకోకూడదు.

మా ఇల్లు రెండు గదులు. నడిమింట్లో నా భార్య మంచం. వంటింటి దర్వాజ పక్కన, నాకు కనబడకుండా, గోడకు వీపు ఆనించి అత్తమ్మ. ఆమె తన బిడ్డతో చెబుతుంది, ఆ బిడ్డ నాకు చెబుతుంది.

"చెప్పే బిడ్డా, పోపుల ఎల్లిపాయ దంచి ఎయ్యమను."

"ఏసిన అని చెప్పు" అంటాను నేను లోపలి నుంచి.

"దంచిన సప్పుడు రాలే. పొట్టుతోటి ఏసిండు కావచ్చు."

ఇద్దరికీ ఇద్దరం వినబడుతూనే ఉంటాం. మధ్యలో ఉన్న మనిషి మాత్రం అటొక మాట ఇటొక మాట మోసి అలిసిపోయేది. ఆమె నిద్రపోతే అత్తమ్మ గోడతో మాట్లాడేది. "పొయ్యి మీద ఏదో మాడుతాంది" అనేది. ఎవరికి చెబుతున్నట్టు? ఎవరికీ కాదు. నేను ఉరికి పొయ్యి ఆపేవాణ్ణి.

అన్నీ చేసి చూశాక నా భార్య కడుపులో నిలిచింది ఒక్కటే, టమాట చారు. మొదటిరోజు గిన్నెడు తాగి, పిడికెడు మెత్తని అన్నం తిని, గంటసేపు అట్లాగే ఉంది. అత్తమ్మ గోడ అవతల ముక్కు చీదడం విన్నాను. నేనూ అదే పనిలో ఉన్నాను.

అయితే అవి వానాకాలం రోజులు. టమాటల ధర ఆకాశంలో ఉంది. దొరికినా సగం పచ్చివి, సగం కుళ్లినవి. పచ్చివాటితో చారు పెడితే ఆమెకు మళ్లీ వాంతి. దుకాణం పక్కన జూస్ బండి అతను "డబ్బల ఉడకపెట్టిన టమాట దొరుకుతదన్నా, పెద్ద కిరాణంల అడుగు" అన్నాడు. పోయి ఎర్రగా ఉన్న సీసా ఒకటి తెచ్చాను. అది సాసు. ఆరోజు మా ఇంట్లో చారు పాయసంలా తియ్యగా ఉంది. అత్తమ్మ బిడ్డతో, "సీసా మీద ఏమేం కలిపిన్రో రాసి ఉంటదట కదా. తెచ్చేముందు సదువుమను. టమాట, ఉప్పు గాక ఇంకో పేరుంటె ఆడనే పెట్టి రమ్మను" అంది. అక్షరం ముక్క రాని మనిషి. ఈ రోజుకూ నేను ఏ డబ్బా కొన్నా ముందు వెనక్కి తిప్పి చదువుతాను. గుజ్జు వేరు, ముద్ద వేరు అని, గుజ్జు పల్చన, ముద్ద చిక్కన, చారుకు ముద్దయితే ఒక చెంచా చాలని అట్లా చదివే తెలుసుకున్నాను.

సరైన డబ్బా తెచ్చినరోజు ఇంకో తప్పు చేశాను. రేకు డబ్బా మూత కోసి, చెంచాడు తీసుకొని, మిగిలింది అదే డబ్బాతో నడిమింట్లో ఉన్న ఫ్రిజ్‌లో పెట్టాను. నా భార్య నిద్రలో ఉంది. గోడ అవతల అత్తమ్మ దగ్గింది. మళ్లీ దగ్గింది. గ్లాసు నేలకేసి టకటక కొట్టింది. చాయ అడుగుతోంది కాబోలనుకొని అల్లం వేసి మంచి చాయ పెట్టి దర్వాజ దగ్గర పెట్టాను. ఆమె తాగింది. తాగి మళ్లీ దగ్గింది. ఇంకో గ్లాసు పెట్టాను. మూడోరోజు డబ్బా తీస్తే పైన తెల్లగా బూజు, లోపల రేకు వాసన. అప్పుడు బిడ్డ ద్వారా తెలిసింది ఆ దగ్గు ఎందుకో. "కోసిన రేకుల పులుపు ఉంచొద్దని ఎంతగనం దగ్గిన! నాకు రెండు గ్లాసుల చాయ తాపిండు" అందట. నా భార్య నెలరోజుల్లో మొదటిసారి నవ్వింది.

అక్కడి నుంచి పద్ధతి నేర్పింది. డబ్బా కోసిన వెంటనే ముద్దంతా గాజు సీసాలోకి తీయాలి. సీసా ఎండలో ఆరి ఉండాలి, చెంచాకు తడి ఉండకూడదు. పైన చదును చేసి నూనె పోయాలి, నూనె తేలాలి. తీసిన ప్రతిసారీ అంచు తుడవాలి. "అంచు తుడువకుంటె ఆడికెల్లే పాడైతది" అనేది. ఫ్రిజ్‌లో ఐసు గడ్డల ట్రే చూసి అందులోనూ నింపించింది. ఒక్కో గడిలో ఒక్కో చారుకు సరిపడా ముద్ద. గడ్డ కట్టాక తీసి కవర్లో వేసి కింద పెట్టించింది. జీవితమంతా గొర్రెల వెనక తిరిగిన మనిషికి ఆ ఉపాయం ఎట్లా తట్టిందో. బిడ్డతో అడిగిస్తే, "గడులుగ ఉంది కదా, గడులల్ల పొయ్యమన్న" అంది. వాంతులు తగ్గాయి. డాక్టరమ్మ బరువు చూసి ఈసారి తల నిలువుగా ఊపింది.

ఏడో నెల. ముద్ద అయిపోయింది. ఎప్పుడూ తెచ్చే కిరాణంలో లేదు. వేరే సందులో ఒకాయన దగ్గర పెద్ద డబ్బా ఒకటి దొరికింది. పక్కన కొంచెం సొట్ట, మూత మాత్రం పైకి పొంగి ఉంది. నిండుగా పట్టారు అనుకున్నాను. మోటారు కండెన్సర్ ఉబ్బితే చూసీ చూడగానే చెత్తలో పడేసేవాణ్ణి. ఆ బుద్ధి డబ్బా దగ్గర ఎక్కడికి పోయిందో! ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ డబ్బాను నడిమింట్లో ఒక్క నిమిషం కింద పెట్టాను. అత్తమ్మ చూసింది. మధ్యాహ్నం, నా భార్య మంచి నిద్రలో ఉంది. నేను వంటింట్లోకి పోయాను. వెనక దగ్గు.

"పెడ్తున్న, చాయనే పెడ్తున్న" అన్నాను గోడతో.

చారుకు పోపేసి, నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టి, మూతకు కత్తి గుచ్చాను. సోడా కొట్టినట్టు చప్పుడైంది, ఎర్ర నురుగు వచ్చింది. ఇంకా నాకు తెలియలేదు. చెంచాడు తీసి మరుగుతున్న గిన్నె వైపు చెయ్యి చాపాను.

"ఆగు అల్లుడా! అది పొయ్యకు. నా బిడ్డ సస్తది."

తిరిగి చూశాను. కింద కూర్చుంటే లేవడానికి ఇద్దరు పట్టుకోవాల్సిన మనిషి, గోడ పట్టుకొని ఒక్కతే లేచి, దర్వాజ దాటి వచ్చింది. కొంగు నెత్తి మీద లేదు. నెరిసిన జుట్టు, ఊరి నీళ్లకు గోధుమరంగు తిరిగిన పండ్లు. మడవని వేళ్లతో నా చెయ్యి ఒక్కటి కొట్టింది. చెంచా ఎగిరి గోడకు తగిలింది. చుక్క పడిందేమోనని పొయ్యి మీద గిన్నె కూడా మోరీలో పోయించింది.

"ఉబ్బిందేదన్న మంచిదయితదా? ఉబ్బి సచ్చిన గొర్రెను మేము ముట్టుకోము. నువ్వు బిడ్డ కడుపుల పోస్తున్నవు" అంది. నేను ఎవరికి ఏమి పెట్టబోయానో అప్పుడు అర్థమైంది. నేల మీద కూర్చుండిపోయాను.

ఆమె చెయ్యి అలవాటుగా కొంగు వెతుక్కుంది. దొరికింది కూడా. నెత్తి మీదికి లాక్కోబోయి, నన్ను చూసి, వదిలేసింది.

"ఇంక దాసుకునుడు ఎందుకు? బిడ్డ సచ్చే మర్యాద నాకొద్దు. ఆ కుర్సీ ఇటు జరుపు అల్లుడా. ఇయ్యాల్టి సంది నేను ఈడనే కూసుంట."

నిద్ర లేచిన నా భార్య దర్వాజ దగ్గర నిలబడి, వాళ్లమ్మను, నన్ను ఒకే గదిలో చూసి, మంచం దిగొద్దన్న సంగతే మరిచిపోయింది. ఇద్దరం కలిసి తిట్టి పండుకోబెట్టాం.

నెలలు నిండాక బిడ్డ పుట్టింది, మంచి బరువుతో. ఇప్పుడు నాలుగో తరగతి. చారు పెట్టకపోతే అలుగుతుంది.

చుట్టాలు ఊరుకుంటారా? అల్లునితోని ఎదురుంగ కూసోని మాట్లాడుతదట అని ఊరంతా చెప్పుకున్నారు. అత్తమ్మ ఒక్కటే అనేది: "నేను నోరు మూసుకుంటె నా మనుమరాలు ఉండకపోవు. మీరు తెచ్చి ఇస్తురా?" ఆ తర్వాత అడిగినవాళ్లు లేరు. ఆమె మాత్రం అప్పుడప్పుడు నాతో, "గన్ని దినాలు గోడకు చెప్పిన మాటలన్ని వేస్టయినయి" అని నవ్వేది. నోరు మూసుకోకుండా, పండ్లు కనబడేటట్టు నవ్వేది.

అప్పటి నుంచి ఏటా చలికాలం ఆమె ఊరి నుంచి వచ్చేది, మా ఇంట్లో ముద్ద పండుగే. కేతేపల్లి దిక్కు నుంచి రైతులు తెచ్చిన టమాటలు అడిగేవాళ్లు లేక పారబోస్తుంటే ఆమెకు కడుపు రగిలేది. "తినేది కాళ్ల కింద పడుతుంటె ఊకుంటరా?" అని నాతో రెండు బుట్టలు కొనిపించేది. వంటింట్లో కుర్చీ వేసుకొని కూర్చునేది. నేను కోసి, ఉడికించి, జల్లెడ పట్టి, మళ్లీ పొయ్యి మీద పెట్టేవాణ్ణి. సిల్వర్ గిన్నె ముట్టనిచ్చేది కాదు, పులుపు స్టీలులోనే ఉడకాలి. గరిటెతో అడుగున గీత గీస్తే ఆ గీత పూడకుండా నిలవాలి, అప్పటిదాకా కలుపుతూనే ఉండాలి. చెయ్యి నొప్పి పుడుతోందంటే, "నా చేతులు నీకిచ్చిన కదా అల్లుడా, జర మంచిగ వాడు" అనేది. ఆ మాట నవ్వుతూనే అనేది, నేను మళ్లీ గరిటె అందుకునేవాణ్ణి. కన్నతల్లి దగ్గర నేర్చుకోవాల్సినవన్నీ ఆమె దగ్గర నేర్చుకున్నాను. ఆ సంగతి ఆమెతో ఒక్కసారి కూడా చెప్పలేదు. ఇదిగో, మీకు చెబుతున్నాను.

పదకొండో రోజు దినాలకు ఊరికి పోయాం. అన్నాలయ్యాక మగవాళ్లం పందిరి కింద కూర్చున్నాం. అత్తమ్మ చెల్లెలు, మాకు చిన్నత్త, గడప లోపల నిలబడి ఉంది. ముక్కుదాకా కొంగు. నాకేదో చెప్పాలని ఉన్నట్టుంది, మాట మోసుకొచ్చే మనిషి కోసం అటూ ఇటూ చూస్తోంది. నా భార్య వాకిట్లో గిన్నెలు తోముతోంది, పిలిస్తే వినబడదు. చిన్నత్త కాసేపు చూసింది. తర్వాత గడప దాటి వచ్చి, నా ఎదుట నేల మీద కూర్చుంది.

"అల్లుడా" అంది. గొంతు చిన్నగా ఉంది. "భువనగిరిల మా చిన్నదానికి మూడో నెల. ఏం తిన్నా నిలుస్తలేదు. మా అల్లునికి వంట రాదు. అక్క నీకు నేర్పిన ఆ చారు, ఆ ముద్ద దాసుడు, జర నాకు చెప్పు. మా అల్లునికి నేనే చెప్పుకుంట."

పందిరి కింద ఉన్న మగవాళ్లందరూ మా వైపు తిరిగారు. నేను మొదలుపెట్టాను. ముందు డబ్బా వెనక్కి తిప్పి చదవాలి అత్తమ్మా, మూత పొంగి ఉంటే ముట్టుకోవద్దు అన్నాను. చిన్నత్త కొంగు వెనక్కి నెట్టేసి, నా ముఖంలోకే చూస్తూ, ఒక్కో మాటకు ఒక్కో వేలు మడుస్తూ వింటోంది.