క్లచ్ నాది, గేరు నాన్నది

మా చిన్నప్పుడు సినిమా మోటారు సైకిలెక్కి వచ్చేది... బెజవాడ హాల్లో ఆట మొదలైన గంటకి, కంకిపాడు అవతల మా ఊరి హాల్లో అదే సినిమా మొదలయ్యేది. రెండు హాళ్ళకీ కలిపి రీళ్ళు ఒకటే సెట్టు. అక్కడ ఆడించేసిన రీళ్ళని రేకు పెట్టెలో పెట్టి, బండికి కట్టి ఇక్కడికి తేవాలి. ఆ పని మా నాన్నది. బండి హాలువాళ్ళది.

పెట్టె ఆలస్యమైతే జనం కుర్చీలు విరగ్గొట్టేవాళ్ళు. అందుకే మా ఊరి హాలు కామందు ఆ పని అందరి చేతిలోనూ పెట్టేవాడు కాదు.

ఒక ఏడు వానల్లో నాన్న జారిపడ్డాడు. ఎడమ మణికట్టు విరిగింది. కట్టు విప్పి చూస్తే వేళ్ళు ముడుచుకోవడం లేదు... క్లచ్ ఉండేది ఆ చేతికే. అది నొక్కకపోతే గేరు పడదు. గేరు పడకపోతే మాకు పొయ్యి వెలగదు.

నేను బడికి పేరుకే వెళ్ళేవాణ్ణి. నాన్న నన్ను ముందు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని క్లచ్ నా చేతికిచ్చాడు. పైన తన చెయ్యి ఊరికే ఆనించేవాడు, చూసేవాళ్ళకి తనే నడుపుతున్నట్టు. గేరు మాత్రం ఆయన ఎడమ కాలిదే.

మొదట్లో ఆయన మోకాలు నా తొడకి తగిలినప్పుడు నొక్కేవాణ్ణి. నాన్నకి అది నచ్చలేదు.

"నా మోకాలి కోసం చూడమాకు. బండి మాట విను. గొంతు చించుకుంటుందా, పై గేరు అడుగుతున్నట్టు. దగ్గుతా వణుకుతుందా, కింద గేరు. నేను చెప్పిందాకా ఆగావంటే అప్పటికే ఆలస్యం అయిపోద్ది రా."

విన్నాను... వినగా వినగా నాన్న కాలు కదలకముందే నా వేళ్ళు మూసుకునేవి. గొప్ప చెప్పుకుంటున్నాడు అనుకుంటే అనుకోండి. నిజమే చెబుతున్నాను.

ఒకరోజు మ్యాట్నీకి మొదటి సగం రీళ్ళు ఊళ్ళో ఇచ్చేసొచ్చి, బెజవాడ హాలు దగ్గర మిగతా సగం పెట్టె కడుతున్నాం. కామందు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఏరా వెంకన్నా, నీ చెయ్యి పనిచెయ్యట్లేదంటగా? ఊళ్ళో అనుకుంటన్నారు."

"అబ్బే, బానే ఉందండీ బాబుగారూ."

"అయితే పద. నేనూ వస్తా, చూస్తాగా... వీడెందుకు మధ్యలో?"

"సినిమా చూస్తానని ప్రాణం తీస్తన్నాడండీ."

"ట్యాంకు మీద కొండముచ్చు లాగున్నాడు. సర్లే, రానీ."

కామందు బావమరిది నాన్న పని కోసం ఎప్పట్నుంచో కాచుకుని ఉన్నాడు. ఆ సంగతి నాన్నకీ తెలుసు, నాకూ తెలుసు.

కామందు భారీ మనిషి. ఎక్కగానే బండి వెనక్కి కుంగింది. నాన్న భుజం మీదుగా తొంగి చూస్తూనే ఉన్నాడు. ఆయన కిళ్ళీ వాసన నా మెడ మీదే ఉంది. నా చెయ్యి నాన్న అరచేతి కింద దాచుకుని నొక్కుతున్నాను, వదులుతున్నాను. నాన్న ఒక్క మాట లేదు. బెంజి సర్కిల్ దాటాం, కంకిపాడు దాటాం... ఆయనకి ఏమీ దొరకలేదు.

ఇక మిగిలింది మా ఊరి కాలువ వంతెన. నిటారుగా ఉండేది. సగం ఎక్కామో లేదో ఎదురుగా గడ్డి బండి దిగుతోంది, వంతెన నిండా గడ్డే. నాన్న బ్రేకు తొక్కాడు. నేను క్లచ్ పట్టాను. ఆయన మొదటి గేరు వేసి ఎడమ కాలు నేల మీద ఆనించాడు.

ఇక ఆ కాలు తియ్యడానికి లేదు. తీస్తే ముగ్గురం, పెట్టెతో సహా కిందే. కాలు తియ్యకుండా గేరు న్యూట్రల్ చెయ్యడానికి లేదు. అంటే గడ్డి బండి దిగేదాకా క్లచ్ నేను పట్టుకునే ఉండాలి.

కామందు దిగితే సగం బరువు తగ్గును. ఆయన దిగలేదు... చూస్తున్నాడు.

ఎద్దులు అడుగులో అడుగు వేస్తున్నాయి. ఆ క్లచ్ పెద్దవాళ్ళకే బిగువు. నా వేళ్ళు తిమ్మిరెక్కాయి, జారుతున్నాయి. వదిలేస్తే బండి ఎగిరి ఎద్దుల మీద పడుద్ది. రెండో చెయ్యి వేస్తే దొరికిపోతాం...

వేశాను. రెండు చేతులూ వేసి పట్టాను. వెనక ఆయన "ఊఁ" అన్నాడు. నాన్న చెయ్యి నా మీద నుంచి పక్కకి జరిగింది. ఇంక దాచేదేముంది?

గడ్డి మా మోకాళ్ళు రాసుకుంటూ పోయింది. నాన్న ఆక్సిలరేటర్ తిప్పాడు. నేను మెల్లగా వదిలాను. బండి గొంతు బరువెక్కిన చోట ఆపాను, చక్రం పట్టుకుంది, పూర్తిగా వదిలేశాను. ఎక్కేశాం.

హాల్లో ఇంటర్వెల్ అయిపోయి ఈలలు వేస్తున్నారు. పెట్టె పైన ప్రొజెక్టర్ గదికి పోయింది. కామందు నాన్న ముందుకొచ్చాడు.

"చెయ్యి ముడువు."

ముడుచుకోలేదు.

"నాకు రెండు చేతులున్న మనిషి కావాలిరా వెంకన్నా."

నాన్న తల దించలేదు. "మా ఇద్దరివీ కలిపితే మూడు బానే ఉన్నాయి కదండీ. మీరడిగిందానికి ఒకటి ఎక్కువే."

ఆయన నవ్వలేదు. నా వైపు తిరిగాడు.

"మీ నాన్న నోరే మెదపలేదు. ఎప్పుడు వదలాలో నీకెవరు చెప్పార్రా?"

"బండి చెప్పిందండీ."

కాసేపు నా వేళ్ళ వంక చూశాడు. ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"చూసిన రీళ్ళు మళ్ళీ ఫస్ట్ షోకి బెజవాడ చేరొద్దా? ఇంకా నిలబడ్డారే ఇద్దరూ!" అని లోపలికి పోయాడు.

ఆ "ఇద్దరూ" అన్న మాటతోనే మా ఇల్లు చాలా ఏళ్ళు నడిచింది.

ఇప్పుడు సినిమాకి పెట్టే లేదు, రీలూ లేదు. మా మనవరాలి స్కూటరుకి గేరే లేదు. తిప్పితే పోతుంది, వదిలితే ఆగుతుంది. సుఖమే, కాదనను... కానీ ఒక బండిని ఇద్దరు కలిసి నడపడమంటే ఏమిటో ఆ పిల్లకి ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు.

మీకు బండి నేర్పింది ఎవరు? వాళ్ళ పేరు కింద రాయండి... మా నాన్న పేరు వెంకన్న.