జున్నుపాల పసుపు వెంట జి.మాడుగుల దాకా

పచ్చగడ్డిలోని కెరోటిన్ ఆవు పేగు గోడలో కొంతవరకు విటమిన్-ఎగా మారి, కొవ్వుతో కలిసి కాలేయానికి చేరి, ఈనే ముందు పొదుగులోకి దిగుతుందని నేను రాత్రి కళాశాలలో చదువుకున్నాను. నలభై ఆరో ఏట జంతుశాస్త్రంలో పట్టా పొందినవాణ్ణి. చదివినదాన్ని కంటితో సరిచూసుకోవాలన్న పట్టుదల నాది. పట్నంలో ఎండుగడ్డి, దాణా తిన్న ఆవు జున్నుపాలు ఇదివరకే చూశాను. కొండగడ్డి మేసిన ఆవు జున్నుపాలు తెచ్చి రెండింటి రంగునూ పోల్చాలనుకున్నాను. నేను ప్రయోగశాల సహాయకుడిగా పనిచేసే కళాశాలలో కాపలాదారు దానియేలు, జి.మాడుగుల దగ్గర కొండ ఊళ్లో ఉండే తన వదిన సువార్తమ్మ ఇంట ఆవు నేడో రేపో ఈనుతుందని చెప్పగానే బయలుదేరాను.

విశాఖలో తెల్లవారుజామున పాడేరు బస్సెక్కితే చోడవరం మీదుగా ఘాట్ రోడ్డు దాటి సుమారు నాలుగు గంటల్లో చేరుస్తుంది. నాకు టిక్కెట్టు రెండు వందల లోపే అయింది. అక్కడి నుంచి జి.మాడుగులకు షేర్ ఆటోలుంటాయి. నేను వెళ్లవలసిన ఊరు రోడ్డుకు లోపల ఉన్నందున, ఆటోను రానూపోనూ మాట్లాడుకున్నాను. డ్రైవరు నా సంచిలోని గాజు సీసాలు చూశాడు.

"ఏటి సారూ, ఎవులికైనా రగతం తీత్తారా?"

"కాదు, జున్నుపాల కోసం."

అతడు పగలబడి నవ్వాడు. "ఆ కొండ మీద నీకు జున్నెవుడెడతాడు సారూ? ఆల్లు ఆవుని పిండరు. పాలు దూడయి, మనయి కావంతారు."

దానియేలు ఈ సంగతి నాకు చెప్పలేదు. అయినా చిన్న సీసాడు అడిగితే కాదనరని నమ్మి ముందుకే సాగాను.

మేము చేరేసరికి ఆవు ఈని చాలాసేపయింది. దూడను దూరంగా గోడ పక్కన కట్టేశారు. అది తల కూడా ఎత్తడం లేదు. తల్లి అరుస్తోంది. సువార్తమ్మ మామగారు వాటి మధ్యలో కూర్చుని ఉన్నారు.

"మాయ పడనీ బాబూ. పడకుండా దూడనొగ్గితే తల్లికి ముప్పు," అన్నారాయన.

పుట్టిన దూడ కాలేయంలో విటమిన్-ఎ దాదాపు ఉండదు. గర్భంలో అందనిదాన్ని తల్లి తొలి పాలతోనే ఇస్తుంది. రోగాలను ఆపే శక్తీ ఆ పాలలోదే. ఆలస్యమయ్యేకొద్దీ దాన్ని పీల్చుకునే బలం దూడ పేగుకు తగ్గిపోతుంది. దూడ చీకుతుంటే గర్భంలో మిగిలిన మాయ కూడా త్వరగా బయటపడవచ్చు. ఇదంతా వివరంగా చెప్పాను.

సువార్తమ్మ నా సంచి వంక చూసింది. "దూడ మూతెడితే ఆవు పాలు సేపుతాది. అప్పుడు నువ్వు సీసా పడతావు. అందుకే గదా సారూ, నీకింత తొందర?"

ఆమె అనుమానంలో తప్పు లేదు. నేను వచ్చింది అందుకే. సీసా చేతిలో ఉన్నంతసేపు నా మాటను ఆమె నమ్మదు. సంచిని డ్రైవరుకిచ్చి, ఆటోలో పెట్టుకుని రోడ్డు దాకా పొమ్మన్నాను.

"ఒక్క చుక్క కూడా ముట్టను. దూడను విడిచిపెట్టండమ్మా."

ఆటో చప్పుడు దూరమయ్యేదాకా ఆమె కదలలేదు. తర్వాత మామగారిని అడగకుండానే తాడు విప్పింది. దూడ రెండుసార్లు కూలబడింది. నేను దాని పొట్ట కింద చేతులు వేసి నిలబెట్టాను.

"గట్టిగా అట్టుకో సారూ! సదువుకున్న సేతులు జారిపోతన్నాయి!"

దూడ నోట చన్ను పడింది. మొదట ఊరకే ఉండి, ఒక్కసారిగా గుంజింది. మూతి చుట్టూ నురగ, చిక్కటి పసుపు రంగులో. కాసేపటికి సువార్తమ్మా నేనూ గంజి తాగుతుండగా మామగారు పాకలోంచి వచ్చి, "మాయ పడింది," అని మాత్రం అన్నారు.

పోల్చి చూపడానికి నా దగ్గర నమూనా లేదు. ప్రయాణం వృథా అయిందని ఎవరైనా అంటే ఒప్పుకోను. గడ్డి నుంచి బయలుదేరిన ఆ పసుపు చేరవలసిన పొట్టకే చేరడం చూశాను. అది ఆగిపోయిన చోట అడ్డు తీయడానికి నా చదువు పనికివచ్చింది. చదువు చాలని చోట ఖాళీ చేతులు పనికివచ్చాయి.

మీరు ఆ వైపు వెళితే ఒక్క సూచన: ఈనిన ఆవున్న ఇంటికి వెళ్లేటప్పుడు గిన్నె, సీసా బండిలోనే వదిలేయండి. దూడ తాగిందా అని ముందు అడగండి.