బడి గురించి వాకబు

మా ఇళ్ళలో పిల్లనివ్వాలన్నా, పిల్లను తెచ్చుకోవాలన్నా ముందు వాకబు చేస్తారు. ఆ పనిలో మంగళగిరిలో ఉండే మా పెద్దమ్మను మించినవాళ్ళు లేరు. ఆమె పెళ్ళికొడుకు ఇంటికి తిన్నగా వెళ్ళదు. ఆ వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర ఆగుతుంది, పాలు పోసే ఆవిడతో మాట కలుపుతుంది, అంతా విన్నాక చివర్లో ఒక ప్రశ్న వేస్తుంది. "మీ ఇంటి పిల్లయితే ఇస్తారా అమ్మా?" ఎంత గడుసువాళ్ళయినా అక్కడ తడబడతారని ఆమె నమ్మకం. ఆ విద్య నాకూ అబ్బింది. అబ్బకపోయినా బాగుండేదని ఈమధ్య అనిపిస్తోంది.

నేను పటమటలో ఒక కోచింగ్ సెంటర్‌లో స్పోకెన్ ఇంగ్లీషు చెబుతాను. కిందటేడు వియత్నాంలోని ఒక ప్రైవేటు భాషా పాఠశాల నాకు ఉద్యోగం ఇస్తానంది. దారి చూపించింది అంతకుముందు నాతోపాటు ఇక్కడే పనిచేసిన గుణదల అమ్మాయి. నాకంటే చిన్నది, నన్ను అక్కా అంటుంది. భర్తనూ, కూతురినీ ఇక్కడే ఉంచి తను ఆ బడిలో చేరింది. "మంచి స్కూలక్కా, మీరు కూడా వచ్చేయండి" అని వాట్సాప్‌లో పెట్టింది.

నాకూ వెళ్ళాలనే ఉంది. ఏళ్ళ తరబడి ఒకే పుస్తకం చెప్పీ చెప్పీ నా గొంతు వింటే నాకే విసుగు పుడుతోంది. కానీ పెద్దమ్మ పెంపకం ఊరుకోనివ్వదు కదా. ముందు ఆ బడి వెబ్‌సైట్ చూశాను. ఫోటోల్లో పిల్లలందరూ నవ్వుతున్నారు. వ్యాకరణం వింటూ అలా నవ్వే పిల్లలను నేనింతవరకు చూడలేదు. తర్వాత వీడియో ఇంటర్వ్యూ. డైరెక్టరమ్మ నేను పాఠం ఎలా చెబుతానో అడగలేదు, విమానం ఎప్పుడు ఎక్కగలనో మాత్రం రెండుసార్లు అడిగింది. పని చేసుకునే వీసా ఇక్కడ ఉండగానే ఇస్తారా అంటే, "వచ్చాక చూద్దాం" అంది. క్లాసులో ఎంతమంది ఉంటారంటే అదీ వచ్చాకే. సంబంధమైతే పెద్దమ్మ అక్కడే చెప్పులు వేసుకునేది.

నేను వేసుకోలేదు. మన మనిషే అక్కడ ఉండగా అనుమానం దేనికి అనుకుని, ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ అమ్మాయికే ఫోన్ చేశాను. జీతం సరిగ్గా ఇస్తున్నారా, గది ఎలా ఉంది, సెలవులిస్తారా అని అన్నీ అడిగాను. "బాగానే ఉందక్కా, ఏం పర్లేదండి" అని అన్నిటికీ ఒకే జవాబు. అప్పుడు వేశాను ఆ ప్రశ్న.

"సరే గానీ, నీ సొంత చెల్లెలయితే రమ్మంటావా?"

లేచి వెళ్ళి గది తలుపు వేసుకున్న చప్పుడు వినిపించింది. 

"రమ్మననక్కా" అంది.

ఆ తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. అక్కడి టీచర్లందరినీ తీసుకెళ్ళింది టూరిస్టు వీసా మీద. తనిఖీకి ఎవరైనా వస్తే టీచర్లను వెనక గుమ్మంలోంచి పంపేస్తారు. తన పాస్‌పోర్టు బడి ఆఫీసు బీరువాలో ఉంది. ఇంటికి వెళ్ళిపోతానంటే, నీ బదులు ఇంకొక టీచర్‌ను చూపించి వెళ్ళమన్నారు. ఆ ఇంకొక టీచరు నేనే.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మరి నన్నెందుకు ఇరికించబోయావు?" అన్నాను.

"మీరు గట్టిగా మాట్లాడతారు కదండీ. మిమ్మల్ని ఏమీ చేయలేరనుకున్నాను."

ఎంబసీకి రాయమన్నాను. రాస్తే దొంగతనంగా పనిచేశానని తనే ఒప్పుకున్నట్టవుతుందని భయపడింది. తన ఇంట్లోవాళ్ళకు చెప్పవద్దని బతిమాలింది. ఆ సాయంత్రమే నేను రావడం లేదని బడికి మెయిల్ పెట్టేశాను. మా ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. పెద్దమ్మయితే నా తెలివిని మంగళగిరి అంతా చాటింది. ఆ పొగడ్తలు నాకూ కొన్నాళ్ళు బాగానే ఉన్నాయి.

ఫిబ్రవరిలో గుణదల మేరీమాత తిరునాళ్ళకు ట్రాఫిక్ ఆపేస్తే ఆటో దిగి నడుస్తున్నాను. ఆ అమ్మాయి భర్త ఎదురుపడ్డాడు, భుజం మీద కూతురు.

"మీరింకా వెళ్ళలేదా మేడమ్? మీరక్కడ చేరితే తను ఈ పండక్కి వచ్చేస్తానందండి. పాపకి కూడా చెప్పేశాం."

"ఇంట్లో కుదరలేదండి" అన్నాను.

"పర్లేదండి, దానికేముంది" అని ఆయనే నన్ను సముదాయించాడు. పాప నన్ను చూస్తూ ఉంది. జనంలో కలిసిపోయి తప్పించుకున్నాను.

వెళ్ళకపోవడం తప్పని ఇప్పటికీ అనను. ఎవరైనా మానుకునేవాళ్ళే. కానీ ఆమె నిజం చెప్పి తను బయటపడే దారిని తనే మూసుకుంది. నేను ఆ నిజం పుచ్చుకుని హాయిగా ఇంట్లో కూర్చున్నాను. అప్పటిదాకా మళ్ళీ ఒక్కసారైనా ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడగలేదు. అడిగితే ఏదైనా చేయాల్సి వస్తుందని భయం. సిగ్గుగా ఉంది, అయినా అదే నిజం.

తిరునాళ్ళనాటి సాయంత్రం ఇంటికి రాగానే ఫోన్ చేశాను. ఇంకా ఆ బడిలోనే ఉంది. నా గొంతు విని సంతోషపడింది. అదే నాకు ఎక్కువ కష్టంగా అనిపించింది.

"నా మీద కోపం లేదా?" అన్నాను.

"మీ మీద కోపం దేనికక్కా? మీరు ఫోన్ చేసిన ఆదివారం పొద్దున చర్చికి వెళ్ళాను. అక్క నన్నేమీ అడక్కుండా వచ్చేసేలా చూడు తల్లీ అని మేరీమాతకు మొక్కుకున్నానండి. మీరు గుచ్చి అడిగితే అబద్ధం చెప్పలేనని నాకు తెలుసు."