ముహూర్తానికి ముందు అడిగిన పేరు

నా పదవీ విరమణకు ముందు వచ్చిన శ్రావణ మాసంలో, డీఎన్ఎస్ విభాగం సీనియర్ ఇంజనీరుగా నాకు రాంగోపాల్‌పేట్‌లోని ఒక ఇత్తడి సామాన్ల దుకాణం పని అప్పగించారు. డీఎన్ఎస్ అంటే ఇంటర్నెట్‌లో పేరు అడిగితే చిరునామా చెప్పే వ్యవస్థ. వాళ్ల కొత్త వెబ్‌సైట్ సిద్ధంగా ఉంది. దాని పేరును సర్వర్ చిరునామాతో కలిపే రికార్డు ఒకటి పెట్టి, పరీక్షించి రావాలి. రెండు నిమిషాల పని.

ఆ రెండు నిమిషాలకూ యజమాని యాదగిరి గారి తల్లి నర్సమ్మ గారు ముహూర్తం పెట్టించారు. బుధవారం పది నలభై నుంచి పదకొండు వరకు. నలభై ఏళ్లు ఆ కొట్టు నడిపిన మనిషి. "మంచి గడియల తెరిస్తేనే తెరిచినట్టు బిడ్డా, లేకుంటె ఆ సైటే వద్దు" అని నాకు ముందే చెప్పేశారు.

బుధవారం నా ల్యాప్‌టాప్‌కు పసుపు కుంకుమ పెట్టారు. కీబోర్డులో అక్షింతలు పడకుండా నేను చేతులు అడ్డం పెట్టుకున్నాను. యాదగిరి గారికి మాత్రం సైటు ముందే తెరుచుకుంటుందేమోనని బెంగ. మారేడ్‌పల్లి ఇంటి నుంచి దారి పొడుగునా ఫోన్‌లో అదే చూస్తూ వచ్చారట. "జెర మీరు సుత చూడుండ్రి మేడం" అన్నారు. పది ముప్పై ఐదుకు దుకాణం వైఫైలో ఆ పేరు అడిగి, లేదని దర్జాగా చూపించాను. ఇన్నేళ్ల అనుభవం ఆ క్షణంలో ఎటు పోయిందో!

పది నలభైకి నర్సమ్మ గారు ఎంటర్ నొక్కారు. కొబ్బరికాయ కొట్టారు. సైటు రాలేదు.

మా సర్వర్‌ను నేరుగా అడిగితే చిరునామా సరిగ్గానే చెబుతోంది. అప్పుడు వెలిగింది నాకు. రికార్డు లేనప్పుడు ఎవరైనా అడిగితే, ఆ నెట్‌వర్క్‌కు మధ్యలో ఉండే సర్వర్ "లేదు" అన్న జవాబును కూడా కొంతసేపు దాచుకుని అదే చెబుతుంది. మేము పెట్టిన గడువు గంట. ముహూర్తానికి మిగిలింది పావుగంట. యాదగిరి గారి ఫోన్‌లో వైఫై తీసేసి చూశాం. దారంతా అడిగారు కదా, అక్కడా లేదనే. నా సిమ్‌దీ అదే కంపెనీ.

"గిట్లెట్ల అయింది మేడం? అమ్మకేం చెప్పాలె?" అన్నారాయన, నీరసంగా.

ఇంతవరకు ఈ పేరు అడగని ఫోన్ ఏదైనా ఉందా అని అడిగాను. కొట్లో ఉన్నవాళ్లంతా ఒకరికి తెలియకుండా ఒకరు చూసేశారట. నర్సమ్మ గారు రొండిన దోపుకున్న ఫోన్ తీశారు. వేరే కంపెనీ సిమ్, వైఫై జోలికే పోనిది.

"ముహూర్తం గాకముందు నేనెందుకు చూస్త? మీ లెక్క ఆత్రమా నాకు?"

పది యాభై ఆరుకు ఆ చిన్న తెరమీద ఇత్తడి బిందెలు తళతళలాడాయి. "వచ్చింది, వచ్చింది!" అని ఆమె కేకేశారు. కొట్టంతా ఒకటే నవ్వులు. నేనూ ఉద్యోగ మర్యాద మరిచి చప్పట్లు కొట్టాను, ఆనందం పట్టలేకపోయాను. చేతులు అడ్డం లేకపోవడంతో కీబోర్డు నిండా అక్షింతలే.

మిగిలిన ఉద్యోగకాలమంతా కొత్త ఇంజనీర్లకు ఒకటే చెప్పాను: రికార్డు పెట్టకముందు ఆ పేరును ఎక్కడా అడగవద్దు, పరీక్ష తర్వాతే. ఆ నియమం తప్పకుండా పాటించిన వ్యక్తిని నా సర్వీసులో ఒక్కరినే చూశాను. ఆమెకు డీఎన్ఎస్ అంటే ఏమిటో తెలియదు.