ముందు బాబాయ్

ముందు బాబాయ్‌కి ఉన్న జబ్బల్లా ఒక్కటే. దేనికైనా సరే తనే ముందు వెళ్ళాలి. ఇంజెక్షన్ వేస్తామంటే చెయ్యి చాపేది ఆయనే. "ఎవరు చెబుతారు?" అని లెక్చరర్ అడిగేలోపే లేచి నిలబడి, ప్రశ్నేమిటో తర్వాత కనుక్కునేవాడు.

డిగ్రీ ఉన్నవాళ్ళు ఏడాది చదివితే టీచరుగా లైసెన్సు వచ్చే సర్టిఫికెట్ కోర్సు అది. కరెంటాఫీసు ఫిర్యాదుల కౌంటర్ వదిలి, నడివయసులో ఆయన అందులో చేరాడు. రక్తపరీక్షల ల్యాబ్ మానేసి వచ్చిన ల్యాబమ్మాయికి ఆయన్ని చూస్తే లోలోపల చిరాకు. నమూనా పాఠమనగానే అందరికంటే ముందు లేచి, చెప్పిందంతా తారుమారు చేసి, చీవాట్లు తిని, విందు భోజనం చేసినవాడిలా తృప్తిగా వచ్చి కూర్చునేవాడు మరి.

చివరికి నిజమైన పిల్లల ముందు నిజమైన పాఠం చెప్పే పరీక్ష వచ్చింది. మొదటి వంతు ల్యాబమ్మాయిదే. కిందటేడు ఇదే పరీక్షలో గొంతు పెగలక తప్పింది. ఈసారీ తప్పితే కోర్సులోంచి పేరు కొట్టేస్తారు. వచ్చిన ఎగ్జామినరేమో పొద్దున్నే ప్యూను మీద విరుచుకుపడుతూ లోపలికి వెళ్ళాడు. వరండాలో అందరూ తలుపుకి దూరంగా జరిగారు.

తలుపు తెరుచుకుంది. ఆమె కాళ్ళు కదిలేలోపే బాబాయ్ గడప దాటేశాడు.

"వంతు నాది బాబాయ్."

"వంతులు తర్వాత చూసుకుందాంలే అమ్మా."

భిన్నాలు చెబుతానని బోర్డు మీద గుండ్రం గీయబోతే అది గుమ్మడికాయైంది. దాన్ని మూడు ముక్కలు చేసి, నాలుగో ముక్క ఎవరికని పిల్లల్ని అడిగాడు. ఎగ్జామినర్ కేకలకు కిటికీ రెక్కలు అదిరాయి. ఆ తిట్టడం తిట్టడం ఎగ్జామినర్ గొంతే పోయింది.

తర్వాత ల్యాబమ్మాయి వెళ్తే, మొదలుపెట్టమని చేత్తో సైగ చేశాడంతే. గుండె ఎలా కొట్టుకుంటుందో చెప్పాలి. తన గుండె చప్పుడే తనకు వినిపిస్తోంది. పిల్లల చేత మణికట్టు పట్టించి నాడి చూపించేసరికి వణుకు తగ్గి మాట నిలబడింది. ఎగ్జామినర్ తలూపాడు.

బయట కుళాయి దగ్గర చేతులకంటిన సుద్ద కడుక్కుంటున్నాడు బాబాయ్. కావాలనే చెడగొట్టారా అని ల్యాబమ్మాయి అడిగితే ముందు నసిగాడు.

"గుమ్మడికాయ మాత్రం నిజంగానే అలా వచ్చిందమ్మా," అన్నాడు. "కౌంటర్లో కూర్చున్నవాణ్ణి, నాకు తెలీదా? తలుపు తీయగానే ఉన్న కోపమంతా మొదటివాడి మీదే. ఆ తర్వాత తిట్టడానికి వాళ్ళకీ ఓపికుండదు. తిట్లు నా ఒంటికి పడతాయి. నీకు పడవు."

ఇంతలో ప్యూను కబురు తెచ్చాడు. బాబాయ్ అందరి తర్వాత మళ్ళీ పాఠం చెప్పాలట. అదీ కుదరకపోతే ఏడాది చదువూ గంగపాలే.

ఆయన వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాడు. కాచుకుని కూర్చోవడం ఇంత కష్టమా అని గొణిగాడు.

ఆయన వంతు రాగానే ల్యాబమ్మాయి కూడా లోపలికి వెళ్ళి, ఆఖరి బెంచీలో పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చుంది. సగం పెద్దదా, పావు పెద్దదా అని ఆయన అడగ్గానే చెయ్యెత్తింది.

"పావే పెద్దదండీ. రెండు కంటే నాలుగు పెద్దది కదా."

పిల్లలు గొల్లుమన్నారు. పొద్దున తను తలూపి మెచ్చిన మనిషి ఈవిడేనా అన్నట్టు చూశాడు ఎగ్జామినర్. బాబాయ్ మాత్రం నవ్వలేదు. ఓ కాగితం మడిచి, చింపి, ముక్క పక్కన ముక్క పెట్టి, ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. పిల్లలు బెంచీలెక్కి చూశారు. ఎగ్జామినర్ కూడా కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. అంతా అయ్యాక ల్యాబమ్మాయి ఇంకా అయోమయంగా తల గోక్కుంటూనే ఉంది.

ఎగ్జామినర్ పోయిన గొంతుతోనే అన్నాడు.

"టీచరుగారూ, ఆవిడకి మరోసారి చెప్పండి."