అయ్యగారి ఉపవాసం

మా ఆయన వాక్యం చెప్పేది తక్కువ, తినేది ఎక్కువ అని నేనంటే ఆయనకు కోపం రాదు. నవ్వేసి, "తినుడు గూడ సేవనే టీచరమ్మా" అంటారు. ఉప్పల్‌లో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు లెక్కలు చెబుతాను కాబట్టి ఇంట్లో కూడా నాకు అదే పిలుపు. ఆయనకు సొంత చర్చి లేదు, కట్టాలన్న ఆశా లేదు. ఒకప్పుడు నాచారంలో సీసా మూతలు చేసే కంపెనీలో మెషిన్ మీద పనిచేసేవారు. ఆ పని వదిలేసి, పాత బైకుకు బైబిలు సంచి తగిలించుకుని, ఎవరు రమ్మంటే వాళ్ళింటికి పోయి ప్రార్థన చేయడమే పెట్టుకున్నారు. పొద్దున నాగోల్‌లో ఎవరికో ఆపరేషన్‌కు ముందు ప్రార్థన, మధ్యాహ్నం నాచారంలో షిఫ్టు దిగిన కుర్రాళ్ళ గదిలో వాక్యం, సాయంత్రం పోచారంలో ఐటీ వాళ్ళ కొత్త ఫ్లాటుకు గృహప్రవేశం. అందరికీ ఆయన అయ్యగారు, నేను అమ్మగారు.

ఎక్కడికి వెళ్ళినా ఆమెన్ అయ్యీ కాకముందే వంటింట్లో గిన్నెల చప్పుడు మొదలవుతుంది. సేమియా పాయసం, పూరీలు, బగారన్నం, కోడికూర. లేనివాళ్ళయితే ఇంకా ఎక్కువ పెడతారు. మా ఆయన కాదనరు. మూడో ఇంట్లో కూడా మొదటి ఇంట్లో తిన్నంత ఇష్టంగా తింటారు. పైగా "జర కూర ఎయ్యమ్మా" అని అడిగి మరీ వేయించుకుంటారు.

నేను రైల్వే క్వార్టర్సులో పెరిగినదాన్ని. మా నాన్న విజయవాడ నుంచి బదిలీ మీద ఇటు వచ్చారు. ఎవరింటికైనా వెళ్తే "వద్దండీ, ఇప్పుడే తిన్నాం" అనడం మర్యాద అని మా అమ్మ నేర్పింది. ఈ మనిషికి ఆ ముక్క నోట్లోంచి రాదు.

అలా ఉండగా ఒకరోజు మెట్రో స్తంభం దగ్గర తవ్విపోసిన రాళ్ళకు తగిలి ఆయన ఎడమ కాలి బొటనవేలు చిట్లింది. ఆయనకు చాన్నాళ్ళుగా షుగరు. పుండు మానలేదు. డాక్టరమ్మ కట్టు విప్పి చూసి, ఆయనకు చెప్పి లాభం లేదనుకుందో ఏమో, నా వైపు తిరిగి, "తిండి గిట్లనే నడిస్తే వేలు తీసెయ్యాల్సి వస్తదమ్మా. వేలుతోని ఆగుతదని కూడా చెప్పలేను" అంది. బైకు గేరు వేసేది ఆ కాలే. ఆ కాలు పోతే ఈయన ఇంట్లో కూర్చోవాలి. ఇంట్లో కూర్చోబెడితే ఈ మనిషి బతకడు, నాకు తెలుసు.

బయటికి రాగానే చెప్పేశాను. "రేపటి నుంచి బడి అవగానే నేనూ వస్తాను. ఈయనకు షుగరండీ, ఏమీ పెట్టొద్దని ప్రతి ఇంట్లో చెబుతాను."

"ఆ ఒక్క మాట చెప్పకే," అన్నారు. "వాళ్ల రోగాలు పోవాల్నని నేను ప్రార్థన జేస్త. నా రోగమే పోలేదంటే వాళ్ల దిల్ ఖరాబైతది."

"మీరు రోజూ మాత్ర వేసుకుంటూనే కదా ప్రార్థన చేస్తున్నారు?"

"అది నాకు తెల్సు, దేవునికి తెల్సు. వాళ్లకెందుకు?"

మొండి. ఏం మొండి! సరే, షుగరని చెప్పనని మాటిచ్చాను. ఇంకేం చెప్పకూడదో ఆయన అడగలేదు.

మర్నాడు ఉప్పల్‌లో ఒక ఆటో డ్రైవరు ఇంట్లో ప్రార్థన. ఆమెన్ అనగానే గులాబ్ జామూన్ల గిన్నె వచ్చింది. మా ఆయన చేతులు కడుక్కోవడానికి బయట నల్లా దగ్గరికి వెళ్ళారు. నేను ఆ ఇల్లాలి చెవిలో, "అయ్యగారు ఉపవాసంలో ఉన్నారమ్మా. ఎవరికీ చెప్పొద్దన్నారు" అని ఊదాను. ఆమె కళ్ళు పెద్దవి చేసి, గిన్నె పట్టుకుని అలాగే వెనక్కి వెళ్ళిపోయింది. మా ఆయన తడి చేతులతో వచ్చి కూర్చున్నారు. ఖాళీ టీపాయ్ వంక చూశారు. వంటింటి వంక చూశారు. నేను లేచి, "వెళ్దామా అండీ?" అన్నాను. పాపం, ఆ ముఖం చూస్తే ఎవరికైనా జాలి వేస్తుంది. నాకు వేయలేదు.

ఎవరికీ చెప్పొద్దన్న మాట ఉప్పల్ నుంచి నాచారం చేరడానికి ఎంతసేపు? వారం తిరిగేసరికి ఒక్కరోజు ఉపవాసం కాస్తా నలభై దినాల ఉపవాసమైంది. కంపెనీ గేటు దగ్గర చాయ్ బండి నడిపే అతను, ఏనాడూ ప్రార్థన ముఖం చూడనివాడు, నన్ను ఆపి మరీ, "అక్కా, అన్న నీళ్లు గూడ తాగుతలేడంట గదా! మస్తు గట్టి మనిషి" అన్నాడు. పిలుపులు రెట్టింపయ్యాయి. ఉపవాసంలో ఉన్నవారి ప్రార్థనకు బలమెక్కువని ఒకరికొకరు చెప్పుకున్నారు. పోనీ తిండైనా ఆగిందా? పళ్ళెంలో పెట్టడం మానేసి టిఫిన్ డబ్బాల్లో సర్ది, "ఉపవాసం ఇడిసినంక తినుమనండి అమ్మగారూ" అని నా చేతికిచ్చేవాళ్ళు. మా ఫ్రిజ్‌లో పాలప్యాకెట్‌కు చోటు లేకుండా పోయింది. పక్కింటివాళ్ళు ఆ వారమంతా పొయ్యి వెలిగించలేదంటే నమ్మండి.

ఆయనకు అసలు సంగతి పోచారంలో తెలిసింది. ఒక ఐటీ దంపతుల ఫ్లాటులో, అంతమంది చుట్టాల మధ్య, "అయ్యగారూ, మీ నలభై రోజుల ఉపవాసం గురించి సాక్ష్యం చెప్పండి" అని అడిగారు. మా ఆయన మెల్లగా నా వైపు తిరిగారు. నేను పాటల పుస్తకంలో తల దూర్చాను. ఆయన అవుననలేదు, కాదనలేదు. "కండ్లు మూసుకోండ్రి, ప్రార్థన జేద్దాం" అని గట్టెక్కారు.

ఇంటి దగ్గర బైకు దిగగానే, "నువ్వు ఉపవాసమన్నవు. జనం నమ్మిన్రు. అబద్ధం గాకుండ ఉండాల్నంటే ఒక్కటే తొవ్వ. నిజంగనే ఉంట" అన్నారు.

"మాత్ర మింగి ఉపవాసమా? డాక్టరమ్మ వింటే ఇద్దరినీ తరుముతుంది!"

ఆయన నా మాట వింటేగా. మర్నాడు నేను బడికి వెళ్తూ పెట్టిన జొన్నరొట్టెలు సాయంత్రానికి పెట్టినట్టే ఉన్నాయి. మాత్ర మాత్రం వేసుకున్నారు. అది నేను చూసేసరికి ఆయన బైకు స్టార్టు చేసి, రమ్మని హారన్ కొడుతున్నారు.

ఆ సాయంత్రం ప్రార్థన నాచారంలో, మందుల కంపెనీలో ప్యాకింగు పని చేసే ఒకామె ఇంట్లో. వాళ్ళు మెదక్ వైపు నుంచి వచ్చినవాళ్ళు. గోడ మీద వాళ్ళ దేవుళ్ళ పటాలు వాళ్ళకున్నాయి. కూతురికి కాన్పు కష్టమైనప్పుడు మా ఆయన దవాఖానాకు వెళ్ళి ప్రార్థన చేశారు. తల్లీ బిడ్డా క్షేమంగా బయటపడ్డారని ఆ సంతోషంతో పిలిచింది. ఒకటే గది, దాని నిండా ఇరుగుపొరుగు. వాక్యం మధ్యలో ఆయన మాట తడబడింది. చెప్పిందే మళ్ళీ చెప్పారు. చొక్కా చెమటకు వీపుకు అతుక్కుపోయింది. చేతిలో బైబిలు వణుకుతోంది.

"ఆత్మ దిగింది, ఆత్మ దిగింది" అన్నారెవరో.

"ఆత్మా లేదు, నా తలకాయా లేదు!" అని అరిచాను. "చక్కెర తెండి! త్వరగా!"

"అమ్మగారూ, ఉపవాసం గదా..." అంది ఇంటామె, చక్కెర డబ్బా పట్టుకుని నిలబడి.

"ఉపవాసం లేదు, ఏమీ లేదు! ఈయనకు షుగరు. తినకుండా మాత్ర మింగి షుగరు పడిపోయేలా చేసుకున్నాడీ మహానుభావుడు!"

చక్కెర నీళ్ళు తాగించాం. కాసేపటికి ఆయన ముఖంలోకి కళ వచ్చింది. ఆయనే, తల దించుకుని, చెప్పడం మొదలుపెట్టారు.

"నాకు షుగరున్నది. కాలికి పుండున్నది. ఎవ్వరు ఏం పెట్టినా వద్దనలేక తెచ్చుకున్న. మా అమ్మ మా ఊర్ల దొరల ఇండ్లల్ల వాకిలి ఊడ్సేది. దూపయితుందంటే దూరం నిలబెట్టి దోసిట్ల నీళ్లు పోసేటోళ్లు. గిలాస ఇయ్యకపోయేది. ఇయ్యాల మీరు నన్ను కుర్సీల కూసోబెట్టి, మీరు తినే పళ్లెంల పెడ్తున్రు. గా పళ్లెం సూస్తే నాకు మా అమ్మ యాదికొస్తది. ఎట్ల వద్దనాలె?"

పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఈ మాట నాకు చెప్పలేదు. నాకు ఏడుపు ఆగలేదు. నేను ఎంత హాయిగా వద్దంటాను, ఎంతమంది పళ్ళేలను వెనక్కి పంపాను!

మూల కూర్చున్న ముసలామె, ఇంటామె అత్త, ముందుగా తేరుకుంది. "అయ్యో కొడుకా, గీ ముచ్చట ముందుగాల చెప్పొద్దా? నాకు గూడ షుగరే!" అంది. "నాకూ ఉన్నది" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ వాచ్‌మన్. చూస్తుండగానే గదిలో సగం మందికి ఉందని తేలింది. ఎవరికి ఎంత, ఏ మాత్ర, కాకరకాయ రసం పనిచేస్తుందా లేదా. వాక్యం కంటే ఆ ముచ్చటే ఎక్కువ సేపు నడిచింది. ఎవరి దిల్లూ ఖరాబు కాలేదు.

ఇంటామె మాత్రం అలాగే నిలబడింది. చేతిలో పళ్ళెం నిండా బగారన్నం, మటన్, ఓ పక్కన పాయసం గిన్నె. "మనుమడు పుట్టిండని చేసిన. గిప్పుడు దీన్నేం జెయ్యాలె?" అంది. ముఖం చిన్నబోయింది. మా ఆయన చెయ్యి అలవాటు కొద్దీ ముందుకు సాగింది. నేను ఆ చెయ్యి చూశాను, కాలి కట్టు చూశాను.

"ఇటివ్వమ్మా," అన్నాను. "ఆయన బదులు నేను తింటాను."

మొత్తం తిన్నాను. జన్మలో మొదటిసారి "ఇంకొంచెం కూర వెయ్యమ్మా" అని అడిగాను. ఆమె పొంగిపోయి ఇంకో రెండు గరిటెలు కుమ్మరించింది. మా ఆయన ముసలామె కోసం కాల్చిన జొన్నరొట్టె తుంపుకుంటూ, నన్నే చూస్తూ కూర్చున్నారు.

ఆ రోజు నుంచి అదే పద్ధతి. ఆయన వాక్యం చెబుతారు, నేను తింటాను. జాకెట్లన్నీ కుట్లు విప్పించాల్సి వచ్చినా, పుండు మెల్లగా మానింది. డాక్టరమ్మ ఇక కట్టు అక్కర్లేదంది. నేను దేవునికి స్తోత్రం చెప్పుకుంటుంటే, ఆమె నన్ను ఎగాదిగా చూసి, "మీరేందమ్మా గింతగనం లావైన్రు? మీ రక్తం గూడ సూద్దాం పట్టండ్రి" అంది. చూసింది. నాకూ షుగరు హద్దు మీద ఉందట.

ఆ సాయంత్రం ప్రార్థన ఉప్పల్‌లో, నేను మొట్టమొదట ఉపవాసమని ఊదిన ఆటో డ్రైవరు ఇంట్లోనే. మా కథంతా అప్పటికి వాళ్ళకు తెలుసు. ఆమెన్ కాగానే గులాబ్ జామూన్ల గిన్నె వచ్చింది. నేను మామూలుగా చెయ్యి చాచాను. మా ఆయన అడ్డం వచ్చారు.

"వద్దమ్మా," అన్నారు. "మా టీచరమ్మ ఉపవాసమున్నది."

ఇల్లాలు పడీ పడీ నవ్వింది. ఆటో డ్రైవరు గోడకు ఆనుకుని నవ్వాడు. నేనూ నవ్వాను, కానీ కొంగుతో కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. వేలు పోతుందన్నా, కాలు పోతుందన్నా తన కోసం ఏనాడూ ఒక పళ్ళేన్ని వద్దనని మనిషి, ఆ రోజు నా కోసం వద్దన్నారు.